ఇల్లు కాటా ఎక్కాలా?

అమెరికాలో పెద్ద రోడ్ల మీద ప్రయాణం చేసినవాళ్ళు ఎవరైనా ఈ దృశ్యం చూసే ఉంటారు. ఊరికీ ఊరికీ నడుమ, ఇల్లూ వాకిలీ లేని చోట, రోడ్డులోంచి ఓ పాయ పక్కకి చీలుతుంది. దానికి ముందు ఓ బోర్డు. 'వే స్టేషన్' అని పేరూ, దాని కింద 'తెరిచి ఉంది' అనో 'మూసి ఉంది' అనో ఓ ముక్కా. తెరిచి ఉంటే చాలు, అంతదాకా రోడ్డంతా తమదే అన్నట్టు దూసుకొచ్చిన ట్రక్కులన్నీ గంట కొట్టగానే బడిలోకి నడిచే పిల్లల్లా బుద్ధిగా వరసకట్టి ఆ పాయలోకి మళ్ళుతాయి. ఒక్కొక్కటే కాటా ఎక్కి, బరువు చూపించుకుని, కాగితాలు అడిగితే చూపించి, మళ్ళీ రోడ్డెక్కుతాయి.

మన హైవేల పక్కన కూడా 'ధర్మకాంటా' అనే బోర్డులుంటాయి. అయితే అక్కడ సరుకు తాలూకు మనిషి తన లెక్క కోసం తాను తూయించుకుంటాడు. ఈ వే స్టేషన్‌లో తూయించేది సర్కారు. తన రోడ్డు కోసం, తన వంతెన కోసం. అంచేత అక్కడ బేరం లేదు, మొహమాటమూ లేదు.

కార్లకి ఈ గొడవే లేదు. ట్రక్కులకి తప్పదు. చిక్కల్లా మధ్యరకం బండితోనే. వాళ్ళు ఆర్వీ అంటారు. మోటారు హోమ్ అన్నా అదే జాతి. చక్రాల మీద ఇల్లు. అందులో గ్యాస్‌పొయ్యి ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది, మంచం, స్నానాల గదీ ఉంటాయి. పెద్దదైతే నలభై అడుగుల పొడుగుంటుంది. ఎదురుగా వస్తుంటే బస్సో, లారీయో అనుకుంటాం. నడిపేది మాత్రం ఏ రిటైరైన హెడ్మాస్టరో, బ్యాంకు ఉద్యోగో! పక్క సీట్లో ఆయన భార్య, ఒళ్ళో మ్యాప్.

బోర్డు దగ్గర పడేసరికి ఆయనకి గుండెల్లో దడ. "మనం ఆగాలంటావా?"

"మనమేం ఉల్లిపాయల లోడు వేసుకొచ్చామా? పదండి!" అంటుంది ఆవిడ.

ఎవరి మాట రైటు? పిల్లల దగ్గరికి వెళ్ళి, ఆర్వీ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ చూడబోయే మన తెలుగువాళ్ళక్కూడా ఈ అనుమానం వచ్చేదే. జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ ఆ రెండు ముక్కల వెనక రెండున్నర శతాబ్దాల పైచిలుకు కథ ఉంది. ముందు కథ విందాం.

కథ మొదలయ్యేది అమెరికాలో కాదు, ఇంగ్లండులో. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి రోడ్లు మట్టిరోడ్లు. వానొస్తే బురద, ఎండొస్తే గుంటలు. రోడ్డు బాగుచెయ్యాలంటే డబ్బు కావాలి గనక అడ్డంగా గేటు పెట్టి సుంకం వసూలు చేసే సంఘాలకి పార్లమెంటు అధికారం ఇచ్చింది. ఆ వసూలు చేసేవాళ్ళకి ఒక్క విషయం తొందరగానే అర్థమైంది. రోడ్డుని పాడుచేసేది గుర్రం మీద పోయే దొర కాదు, ఆరేడు గుర్రాలు కట్టి మోయలేనంత సరుకు వేసుకుపోయే పెద్ద బండి. అంచేత 1741లో పార్లమెంటు ఓ చట్టం చేసి, గేట్ల దగ్గర కాటాలు పెట్టుకోమంది. బండితో సహా 60 హండ్రెడ్‌వెయిట్లు, అంటే సుమారు మూడు టన్నులు, దాటితే ఆ పైన ప్రతి హండ్రెడ్‌వెయిట్‌కీ 20 షిల్లింగుల అదనపు సుంకం. ఇరవై షిల్లింగులంటే అక్షరాలా ఒక పౌను. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

కాటా అంటే ఇప్పటిలా నేలలో పొదిగిన పలక కాదు లెండి. ఇంటి గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చిన పెద్ద దూలం, దానికి గొలుసులు. ఆ గొలుసులు బండికి తగిలించి, బండిని సరుకుతో సహా నేల మీంచి పైకెత్తి గాలిలో వేలాడదీసి తూచేవాళ్ళు! సఫోక్ జిల్లాలో వుడ్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో అలాంటిది ఒకటి, ఓ పాత సత్రం గోడకి ఈనాటికీ ఉంది. తులాభారంలో కృష్ణుణ్ణి కూర్చోబెట్టినట్టు బండివాడి బతుకంతా ఆ గొలుసుల్లో వేలాడేదన్నమాట. కాకపోతే సత్యభామ ఐశ్వర్యం చాలకపోయింది, వీడికి బరువు ఎక్కువైపోయింది.

ఇక్కడే మన ప్రశ్నకి మొదటి చిగురు కనిపిస్తుంది. ఆ సుంకం గేట్ల దగ్గర అందరికీ ఒకటే న్యాయం ఉండేది కాదు. పొలానికి ఎరువు తోలుకుపోయే బండికి సాధారణంగా సుంకం లేదు. ఆదివారం చర్చికి పోయేవాళ్ళకి లేదు. శవాన్ని తీసుకుపోయే బండికి లేదు. 1785లో తపాలా బళ్ళకి కూడా మినహాయింపు వచ్చింది. తన ఇంటి పనికీ, దేవుడి పనికీ, దొరతనం పనికీ పోయేవాడు వేరు, లాభానికి సరుకు మోసేవాడు వేరు అన్నమాట. ఎరువు బండి బరువు తక్కువని ఎవరూ అనలేదు. బరువుని కాదు, బండి బయల్దేరిన పనిని చూశారు.

బండిని గాలిలోకి ఎత్తే బాధ తప్పించే ఉపాయం కూడా ఆ 1740ల్లోనే పుట్టింది. బర్మింగ్‌హామ్‌లో జాన్ వ్యాట్ అనే ఆయన నేలకి సమంగా పలక వేసి, దాని కింద మీటలు అమర్చి, బండి దాని మీదికి నడిచొస్తే చాలు తూగేటట్టు చేశాడు. అమెరికాలో ఆ పేరు థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్‌కి దక్కింది. వెర్మాంట్ రాష్ట్రంలో సెయింట్ జాన్స్‌బరీ అనే ఊరు ఆయనది. ఆయనకి జనపనార వ్యాపారం ఉండేది. రైతులు తెచ్చే నార బళ్ళని గొలుసులు వేసి ఎత్తి తూచలేక విసుగెత్తి, 1831లో పలక కాటాకి పేటెంటు తీసుకున్నాడు. జనపనార సంగతి దేవుడెరుగు, ఫెయిర్‌బ్యాంక్స్ కాటాలు మాత్రం దేశాలన్నీ తిరిగాయి.

తరవాత రైళ్ళొచ్చాయి. బరువు సరుకంతా పట్టాలెక్కింది. రోడ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. మళ్ళీ మోటారు ట్రక్కు వచ్చేసరికి పాత జబ్బు తిరగబెట్టింది. మొదట్లో ఆ ట్రక్కులకి గాలి టైర్లు కూడా లేవు. గట్టి రబ్బరు చక్రాలు. రోకలితో దంచినట్టు రోడ్డుని దంచేవి. 1913లో నాలుగు రాష్ట్రాలు, మెయిన్, మసాచుసెట్స్, పెన్సిల్వేనియా, వాషింగ్టన్, ట్రక్కుల బరువుకి మొదటిసారిగా హద్దు పెట్టాయి. మెయిన్ రాష్ట్రం 18,000 పౌండ్లంటే, మసాచుసెట్స్ 28,000 అంది. పౌండంటే అరకిలో కన్నా కాస్త తక్కువ. అంటే ఎనిమిది టన్నుల నుంచి దాదాపు పదమూడు టన్నుల దాకా.

మొదటి ప్రపంచ యుద్ధంలో రైళ్ళు కిక్కిరిసిపోయి, సైన్యపు సరుకు ట్రక్కులకెక్కింది. 1918 వసంతంలో మంచు కరిగేసరికి రోడ్లు మైళ్ళకి మైళ్ళు నుగ్గునుగ్గయి కనిపించాయి. ఆ దెబ్బతో మిగతా రాష్ట్రాలు కూడా మేలుకున్నాయి. 1933 నాటికి ట్రక్కు బరువు మీద ఏదో ఒక చట్టం లేని రాష్ట్రం లేదు. ట్రక్కుల వాళ్ళు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. సౌత్ కరోలినా 20,000 పౌండ్ల హద్దు మీద 1938లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, రోడ్డు రాష్ట్రానిది, దాన్ని కాపాడుకునే హక్కూ రాష్ట్రానిదే అని తేల్చేసింది.

సరే, మరి ఇల్లు రోడ్డెక్కిందెప్పుడు? అదీ ఆ రోజుల్లోనే. 1910లో పియర్స్-యారో కంపెనీ 'టూరింగ్ లాండో' అనే కారుని న్యూయార్కులో ప్రదర్శనకి పెట్టింది. వెనక సీటు మడిస్తే పడకయ్యేది, చేతులు కడుక్కునే తొట్టె కూడా ఉండేది. అది డబ్బున్నవాళ్ళ ముచ్చట. సామాన్యుడు మాత్రం తన పాత కారుకే గుడారం కట్టుకుని, డబ్బా ఆహారం తింటూ దేశాటనకి బయల్దేరాడు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో అలాంటివాళ్ళంతా కలిసి 'టిన్ కాన్ టూరిస్టులు' అని ఓ సంఘం పెట్టుకున్నారు. రేకు డబ్బాల యాత్రికులన్నమాట! ఎంత ముద్దుగా ఉందో చూడండి పేరు.

కానీ పదిహేనేళ్ళు తిరిగేసరికి అదే రోడ్డు మీద, అలాంటి కార్లలోనే, ఇంకో రకం సంసారాలు బయల్దేరాయి. ఓక్లహోమా, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కరువు. దుమ్ము తుఫాన్లు. పొలాలు పోయిన కుటుంబాలు పరుపులూ, పెనాలూ, ముసలివాళ్ళూ, పిల్లలతో కారు పైనా లోపలా నింపుకుని కాలిఫోర్నియా దారి పట్టాయి. అప్పుడేమైంది? 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలస్ పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ 136 మంది పోలీసులని రాష్ట్రం సరిహద్దులకి పంపించాడు. లాస్ ఏంజిలస్ ఎక్కడ, వందల మైళ్ళ అవతలి సరిహద్దు ఎక్కడ! అయినా పంపించాడు. వాళ్ళు కార్లని ఆపారు. చేతిలో డబ్బు లేని వాళ్ళనీ, పని దొరికే దారి చూపించలేని వాళ్ళనీ వెనక్కి తిప్పి పంపారు. అక్కడ కాటా లేదు. మనిషి జేబునే తూచారు.

ఇంట్లో పెనం, పరుపు కట్టుకుని బయల్దేరడం ఇద్దరూ చేసిన పనే. జేబులో డబ్బుంటే యాత్రికుడు, లేకపోతే పనికిమాలినవాడు! 1941లో సుప్రీంకోర్టు ఎడ్వర్డ్స్ కేసులో, బీదవాళ్ళని రాష్ట్రంలోకి తీసుకురావడం నేరమనే కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పు వచ్చేలోపు వెనక్కి తిరిగిన కార్లలో ఎందరు తల్లులున్నారో!

జాన్ స్టైన్‌బెక్ 1939లో రాసిన 'గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలలో ఒక ఘట్టం ఉంది. రాత్రివేళ, కాలిఫోర్నియాలో పళ్ళూ విత్తనాలూ సోదా చేసే స్టేషన్ దగ్గర జోడ్ కుటుంబం ట్రక్కుని ఆపుతారు. సామాన్లన్నీ దింపమంటారు. ట్రక్కులో పడుకోబెట్టిన ముసలమ్మకి చాలా జబ్బుగా ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, పోనివ్వమని ఆ ఇంటి తల్లి బతిమాలుతుంది. జాలిపడి వదిలేస్తారు. తెల్లారాక గానీ ఆవిడ చెప్పదు, తాము ఆగకముందే ముసలమ్మ ప్రాణం పోయిందని. ఎడారి దాటేదాకా బండి ఆగకూడదని శవం పక్కనే పడుకుని వచ్చిందావిడ. ఇంటిని మోసుకుపోయే బండిని ఆపడమంటే ఏమిటో ఆ ఒక్క ఘట్టం చెప్పినంతగా ఏ చట్టాల పుస్తకమూ చెప్పలేదని నాకనిపిస్తుంది. సరుకుల బండిని ఆపితే కాగితాలు బయటపడతాయి. ఇంటిని ఆపితే ఇంటి గుట్టంతా బయటపడుతుంది.

ఇక బరువు విషయానికే వస్తే, సర్కారు ట్రక్కునే పట్టుకోవడంలో న్యాయం ఉంది. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర కొత్త రోడ్డు వేసి, వలయాల్లా చుట్టి, సైనికుల చేత రాత్రింబవళ్ళు ట్రక్కులు తోలించారు. ఏ బరువుకి ఏ రోడ్డు ఎన్నాళ్ళకి పగులుతుందో చూడాలని. తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే హాని రెట్టింపు కాదు, ఇంచుమించు పదహారు రెట్లు! లెక్కల వాళ్ళు దాన్ని నాలుగో ఘాతం అంటారు. ఇరుసుకి 2,000 పౌండ్లున్న కారుతో పోలిస్తే 6,000 పౌండ్లున్న ఇంటిబండి ఇరుసు 81 రెట్లు రోడ్డుని అరగదీస్తుంది. అదే 18,000 పౌండ్ల ట్రక్కు ఇరుసైతే ఆరువేల అయిదువందల రెట్లు! ఇంటిబండి సాధువు కాదు గానీ, ట్రక్కు పక్కన నిలబెడితే చిన్నపిల్లే. పైగా అది ఏడాదికి రెండు మూడు యాత్రలు చేసి ఇంటికొచ్చి పడుకుంటుంది. ట్రక్కుకి ఆ యోగం లేదు.

1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చినప్పుడు ఒక్కో ఇరుసుకి 18,000, మొత్తం బండికి 73,280 పౌండ్లని హద్దు పెట్టారు. 1973లో చమురు కొరత వచ్చి, వేగం గంటకి 55 మైళ్ళకి తగ్గించాక, ట్రక్కుల వాళ్ళ మొర విని 1974 నాటి సవరణల్లో దాన్ని ఇరుసుకి 20,000, మొత్తం 80,000 పౌండ్లకి పెంచారు. ఎనభైవేల పౌండ్లంటే ముప్ఫయ్యారు టన్నులు. ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి వంతెనలకి వేరే లెక్క కట్టారు. ట్రక్కు డ్రైవర్లు తమ రేడియో భాషలో వే స్టేషన్‌కి పెట్టుకున్న పేరేమిటో తెలుసా? 'కోళ్ళగూడు'!

ఇప్పుడు జవాబు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సొంత విహారానికి పోయే ఆర్వీ వే స్టేషన్‌లో ఆగక్కర్లేదు. ఆ మినహాయింపు బండికి కాదు, పనికి. అదే ఆర్వీలో అమ్మకానికి సరుకు వేసుకుపోతేనో, వ్యాపారానికి వాడితేనో అది ఇల్లు కాకుండా పోతుంది, ట్రక్కుల వరసలో నిలబడాల్సిందే. ఆనాటి ఎరువు బండి న్యాయమే ఇది కూడా. అయితే అన్ని రాష్ట్రాల చట్టం ఒకేలా రాసి లేదు. కొన్నిచోట్ల మాట 'ట్రక్కు' అని కాక, ఇన్ని పౌండ్లు దాటిన బండి అని ఉంటుంది. అంచేత బోర్డు మీద ఏం రాసుందో పూర్తిగా చదవాలి. బయల్దేరే ముందే ఆయా రాష్ట్రాల రవాణా శాఖ నిబంధన కనుక్కోవాలి. పోలీసు చెయ్యి ఊపి రమ్మంటే మాత్రం తర్కం మాని వెళ్ళాలి. కాలిఫోర్నియా సరిహద్దుల్లో పళ్ళూ మొక్కలూ చూసే స్టేషన్లున్నాయే, వాటికీ కాటాకీ సంబంధం లేదు. అక్కడ కార్లు కూడా ఆగాల్సిందే. మామిడిపండు దాచుకోవడం కుదరదు!

మరి హెడ్మాస్టరు గారి భార్య మాటే నెగ్గిందా? నెగ్గింది. కానీ కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది.

1967 డిసెంబరు 15 సాయంత్రం, ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జి అనే వంతెన, క్రిస్మస్ ముందరి రద్దీలో వాహనాలతో నిండి ఉండగా కూలిపోయింది. 46 మంది చనిపోయారు. ఏ ఒక్క ట్రక్కునీ తప్పుపట్టలేదు. గొలుసులోని ఒక ఇనప లంకెలో కంటికి కనిపించని పగులు. వంతెన 1928లో కట్టింది. కట్టినప్పటికీ కూలినప్పటికీ మధ్య రోడ్డు మీద బళ్ళ బరువూ, సంఖ్యా పెరుగుతూనే వచ్చాయి. మరుసటి ఏడే వంతెనల తనిఖీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. నాకు గుచ్చుకునేదేమిటంటే, వంతెనకి మినహాయింపులు తెలీవు. మీరు విహారానికి పోతున్నారా, వ్యాపారానికా అని అది అడగదు. అందుకే పాత వంతెన ముందు ఇన్ని టన్నులే అని బోర్డుంటే, దాటే ప్రతి బండికీ అది వర్తిస్తుంది. ఇంటిబండికి కూడా.

ఇంకో సంగతి. 1954లో 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' అనే సినిమా వచ్చింది. లూసిల్ బాల్ కథానాయిక. కొత్త దంపతులు చక్రాల ఇంటిని కారు వెనక తగిలించుకుని దేశం చూడబోతారు. ఆవిడకి వెళ్ళిన చోటల్లా ఓ రాయి తెచ్చుకోవడం సరదా. పచ్చళ్ళ జాడీల్లాంటి పళ్ళ సీసాలు పెట్టుకోవడం సరదా. కొండదారి వచ్చింది, బరువు ప్రమాదం, రాళ్ళు పారెయ్యమంటాడాయన. పారేసినట్టు నటించి లోపల దాచిపెడుతుంది. ఇరుకు ఘాట్ రోడ్డు మీద ఇల్లు ఊగిసలాడుతుంటే ప్రేక్షకులు పడీపడీ నవ్వారు. నవ్వొస్తుంది నిజమే. కానీ ఆ రాళ్ళు ప్రతి ఇంటిబండిలోనూ ఉన్నాయి. ట్యాంకులో వంద గ్యాలన్ల నీళ్ళు పోస్తే అవే 830 పౌండ్లు. పైన ఇనప వంటసామాను, పుస్తకాలు, మనవల సైకిళ్ళు. ఒక్కొక్కటీ "ఇదెంత బరువుంటుందిలే" అనిపించేవే. తలుపు దగ్గర రేకు మీద ఈ బండి ఇంతే మొయ్యాలి అని అంకె వేసే ఉంటుంది. దాన్ని చూసేదెవరు?

బరువెక్కువైతే టైరు వేడెక్కి పేలుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టదు. ట్రక్కు పేలితే అందులో డ్రైవరొక్కడు. ఇంటిబండిలోనో, సంసారం మొత్తం ఉంటుంది. ట్రక్కు డ్రైవరు మీద అనుమానపడి సర్కారు రాష్ట్రానికో చోట తూచి, పాపం, వాణ్ణి కాపాడుతోంది. మన మీద నమ్మకం పెట్టి వదిలేసింది. ఆ నమ్మకం ఊరికే రాలేదు. సరిహద్దులో జేబు తడిమి వెనక్కి తిప్పిన రోజులు దాటి, 'ఇది ఇల్లు, దీని జోలికి పోకూడదు' అనేదాకా వచ్చింది లోకం. అంత కష్టపడి వచ్చిన మర్యాదని రాళ్ళు దాచుకోవడానికి వాడుకుంటే ఏం బావుంటుంది?

దీనికి మార్గం కూడా చేతిలోనే ఉంది. హైవేల పక్క ట్రక్కులు ఆగే పెద్ద బంకుల్లో ప్రైవేటు కాటాలుంటాయి. క్యాట్ స్కేల్ అనే సంస్థ 1977 నుంచీ ఆ పనిలోనే ఉంది. కాస్త రుసుము కడితే ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో చీటీ రాసిస్తారు. జరిమానా ఉండదు, పోలీసుండడు. నీళ్ళు నింపి, సామాను సర్ది, అందరూ ఎక్కి కూర్చున్నాక ఒక్కసారి దాని మీద నిలబడితే సరి.

అంకె ఎక్కువొస్తే ఏం తియ్యాలన్నది మొగుడూ పెళ్ళాం తేల్చుకోవాల్సిన విషయం. ఆయన గోల్ఫు సంచీ ముందా, ఆవిడ ఇనప మూకుడు ముందా? అందులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోదు.